గడియ మందు

వరాలు వస్తున్నట్టు ముందుగా ఫోను చెయ్యలేదు. గేటు దగ్గరి సెక్యూరిటీ అతను పైకి ఫోను చేసి "మేడమ్, మీ చెల్లెలట, మొగలిపేట నుంచి వచ్చారు" అనేసరికి దమయంతి చేతిలో పని అక్కడే వదిలేసి కిందికి దిగింది.

ల్యాబు ఆవరణలో సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది వరాలు. బస్సు గాలికి జుట్టంతా రేగిపోయింది. ముఖం పాలిపోయింది. అక్కను చూసి లేవబోయి, నడుం పట్టేసినట్టుంది, మళ్లీ కూర్చుంది.

"ఇది కూడా ఎలిపోనాది అప్పా" అంది.

దమయంతి పక్కన కూర్చుని చెల్లెలి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. ఇది మూడోసారి. "ఎప్పుడు?"

"మొన్న లచ్చివారం."

"ఇలాంటప్పుడు ఇంత దూరం బస్సులో ఎందుకొచ్చావే! ఫోను చేస్తే నేనే వచ్చేదాన్ని కదా. డాక్టరమ్మ ఏమంటోంది?"

"అన్ని పరీచ్చలూ సేసినారు. అన్నీ బాగున్నాయంట." వరాలు తల ఎత్తింది. "నాను నా కడుపు గురించి సెప్పుకోడానికి రానేదప్పా. నా ఒక్కదానికే అయితే నా కరమ అనుకుందును. మనూర్లో ఎవులికీ నిలవట్నేదు. పైడమ్మ కోడలికి పోనాది. ఎనక ఈదిలో దాలమ్మకి పోనాది. అంగన్‌వాడీలో కడుపుతో ఉన్నోలకిచ్చే గుడ్లు తీసుకెల్లే మనిసి నేక కుల్లిపోతన్నాయి. మనూర్లో ఇప్పుడు ఉయ్యాల్లో ఏసే గుంట ఒక్కర్తి నేదు. సూడు కావాలంటే."

"ఎప్పటి నుంచి?"

వరాలు ఎడమ జబ్బ మీద జాకెట్టు చేతిని పైకి జరిపింది. చర్మం కింద చింతగింజంత బుడిపె ఉంది. దాన్ని అక్కడ పెట్టింది దమయంతే.

ఆ తీరంలో తూలు జ్వరం వచ్చిన ఏళ్లను ఎవరూ మరిచిపోలేదు. గబ్బిలాలు తాటిచెట్ల మీది కల్లు ముంతల్లో మూతి పెట్టి వదిలిన వైరస్ మొదట గీత కార్మికులకు సోకింది. వాళ్ల నుంచి ఇళ్లలోకి వచ్చింది. జ్వరం తగిలిన మర్నాటికే మనిషి తాగినట్టు తూలేవాడు. తరవాత మాట పోయేది, ఆ తరవాత తెలివి. వరాలు కొడుకు సిమ్మాద్రికి అప్పుడు నాలుగేళ్లు. వాడు అరుగు మీద తూలుతూ నడుస్తుంటే ఆటకి అలా చేస్తున్నాడనుకుని ఇంటిల్లిపాదీ నవ్వారు. మూడో రోజుకల్లా పిల్లవాడు లేడు. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా వరాలు రెండు చెవులూ మూసుకునేది.

ఆ ఊరి నుంచే చదువుకుని వెళ్లిన దమయంతి అప్పటికి విశాఖపట్నంలోని ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. మన కణాల్లోకి దూరాలంటే వైరస్ తన పైపొరనూ కణం పైపొరనూ కలిపి ఒకటి చెయ్యాలి. సరిగ్గా ఆ కలిసే చోట అడ్డుపడే పెప్టైడును, అంటే చిన్న ప్రొటీను ముక్కను, ఆమె తయారుచేసింది. వైరస్ ఏటేటా వేషం మారుస్తుంది కాబట్టి, ఏ వేషంలో వచ్చినా సరిపోయేలా దాన్ని మలిచింది. అంత విస్తారంగా పనిచేసే పెప్టైడు మరొకటి లేదని సదస్సుల్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కానీ రక్తంలో అది ఒక పూట కూడా నిలిచేది కాదు. దానికి ఇల్లు కట్టినవాడు ఆమె పై అధికారి డాక్టర్ పాత్రో. ఆయన చేసిన జెల్ సూదిలో ఉన్నంతసేపు నీళ్లలా పలచగా ఉండేది. చర్మం కిందికి వెళ్లగానే ఒంటి వెచ్చదనానికి తుమ్మజిగురులా గట్టిపడేది. దాని పోగుల మధ్య ఇరుక్కున్న పెప్టైడ్లు కొంచెం కొంచెంగా రక్తంలోకి జారుతూ అయిదేళ్లు కాపలా కాస్తాయి. జ్వరం మొదలైనవాళ్లకు వేసినా చాలామంది తేరుకున్నారు.

ఊళ్లో మాత్రం మొదట ఎవరూ చెయ్యి చాపలేదు. వరాలు ఆశా కార్యకర్త. గడప గడపకీ తిరిగి, "మా అప్ప ఒంటి తలుపుకి గడియెట్టే మందు కనిపెట్టినాది, జొరం లోపలికి రానేదు" అని చెప్పింది. గడియ మందన్న పేరు అలా వచ్చిందే. బడి వరండాలో అందరూ చూస్తుండగా మొదటి సూది తనే వేయించుకుంది. ఆ తరవాత ఊరు ఊరంతా బారులు తీరింది. వచ్చే వానల్లోపు రాష్ట్రమంతా, పన్నెండేళ్లు నిండిన ప్రతి ఆడపిల్లకూ మగపిల్లాడికీ వెయ్యాలని ఇప్పుడు ప్రభుత్వం సిద్ధపడుతోంది.

"దీనివల్లే అని ఎలా చెప్తావే?" అంది దమయంతి. గొంతులో ఉండాల్సిన ధీమా లేదని ఆమెకే తెలిసింది. "నీళ్లు కావచ్చు. జీడితోటలకు కొట్టే మందులు కావచ్చు."

"కావొచ్చు" అంది వరాలు. "నువ్వు సదువుకున్నదానివి. నువ్వే సూసి సెప్పు."

దమయంతి చూసింది. ముందు ఇంకా సూది వెయ్యని మండలాల్లోని డాక్టర్లకు ఫోన్లు చేసింది. అక్కడా అవే జీడితోటలు, అవే ఉప్పునీటి బావులు. కాన్పులు మామూలుగానే జరుగుతున్నాయి. ఆ మాట విన్నాక ఆమె వేరే పరిశోధనశాల నుంచి మాయ కణాలు తెప్పించింది. కడుపులో బిడ్డకూ తల్లికీ మధ్య ఉండి, తల్లి నుంచి బిడ్డకు తిండీ గాలీ అందించే మాయ. దాన్ని అల్లే కణాలు గాజుపళ్లెంలో పెంచితే తమ హద్దులు తామే చెరుపుకుని ఒకదానిలో ఒకటి కలిసి ఒకే పొరగా పరుచుకుంటాయి. మొదటి పళ్లెంలో అలాగే పరుచుకున్నాయి. రెండో పళ్లెంలో తన పెప్టైడు వేసింది.

మర్నాడు పొద్దున ఆ పళ్లెం సూక్ష్మదర్శిని కింద పెట్టి కన్ను ఆనించింది. కణాలన్నీ బతికే ఉన్నాయి. సగ్గుబియ్యం చల్లినట్టు దేనికది విడిగా, పక్కదానితో సంబంధం లేనట్టు ఉన్నాయి. మోతాదు తగ్గించి చూసింది. ఇంకా తగ్గించింది. వరాలు రక్తంలో ఉండేటంత తక్కువకు తెచ్చినా ఒక్క కణం పక్క కణంతో కలవలేదు.

పాత్రో చాలాసేపు కన్ను తియ్యకుండా చూశాడు. పెద్దాయన, మెత్తని మనిషి. కోపమొస్తే గొంతు ఇంకా తగ్గేది.

"ఈ మందు వేసిన ఎలుకలకు పిల్లలు పుట్టాయి కదమ్మా. మనం చూశాం."

"ఎలుకల మాయ వేరు సార్. ఎప్పుడో కోట్ల ఏళ్ల కింద ఏదో వైరస్ మన పూర్వీకుల ఒంట్లో చేరి ఉండిపోయింది. పొరలు కలిపే విద్య దానిదే. మనుషుల్లో మాయ అల్లేది ఆ విద్యతోనే. ఎలుకలకు ఆ విద్య ఇంకో వైరస్ నుంచి వచ్చింది. నా పెప్టైడు ఎలుకలదాన్ని ముట్టుకోలేదు, మనదాన్ని ముట్టుకుంది." ఆమె పళ్లెం వైపు చూసింది. "ఏ వేషంలో వచ్చినా ఆపాలనుకున్నాను. బిడ్డ కూడా ఆ దారినే వస్తుందని నాకు తట్టలేదు."

"అయిదేళ్లకి కరిగిపోతుంది కదా. అప్పుడు మళ్లీ..."

"వరాలు చేతి నుంచి కొంచెం తీసి చూశాను. చెక్కు చెదరలేదు. మనం లెక్క కట్టింది గాజుగొట్టంలో. మనిషి ఒంట్లో దాని చుట్టూ పొర కట్టింది. ఈ లెక్కన వరాలు తల నెరిసేదాకా ఉంటుంది."

"కోసి తీసేస్తే?"

"కండలోకి వేళ్లలా పాకింది సార్."

పాత్రో కుర్చీలో కూలబడ్డాడు. "వచ్చే నెలలో వానలు" అన్నాడు. "ఇప్పుడు ఈ సంగతి బయటపెడితే ఒక్కరు కూడా చెయ్యి చాపరు. జ్వరం మళ్లీ ఊళ్ల మీద పడుతుంది. ఈ వానలు దాటనియ్యి. చచ్చిపోబోయేవాళ్లకి పేర్లున్నాయి దమయంతీ, వాళ్లు ఇవాళ మన కళ్ల ముందు తిరుగుతున్నారు. పుట్టనివాళ్లకి పేర్లు కూడా లేవు."

"మా చెల్లెలు పెట్టుకుంది సార్. ముగ్గురికీ పెట్టుకుంది."

ఆ వారమే ఇద్దరూ కలిసి ఆరోగ్యశాఖకు వెళ్లి విషయం చెప్పారు. ఆడపిల్లలకు సూది ఆపేశారు. టీవీల్లో దమయంతి ఫోటో వేసి రకరకాల మాటలన్నారు. సూది మీద నమ్మకం పోయి మగవాళ్లు కూడా చెయ్యి చాపడం మానేశారు. ఆయన భయపడినట్టే వానలతోపాటు జ్వరం వచ్చింది. సూది పడని మండలాల్లో ఇళ్లకు ఇళ్లు ఖాళీ అయ్యాయి. ఆ వార్త చదివిన ప్రతిరోజూ దమయంతి పాత్రో ముఖం చూడలేకపోయేది. ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు.

గాజుగొట్టాలకు అంటుకున్న జెల్ కడగడానికి ల్యాబులో ఒక ఎంజైము వాడేవాళ్లు. పాత్రో దాన్ని శుద్ధి చేసి, కోతుల మీద ప్రయోగించి, మనుషులకు ఇవ్వడానికి అనుమతి తెచ్చేసరికి ఆ వానలు వెళ్లిపోయాయి. ఒక మధ్యాహ్నం దమయంతి దాన్ని తీసుకుని మొగలిపేట వెళ్లింది. అదే బడి వరండాలో ఆడవాళ్లంతా కూర్చున్నారు. ఏం జరిగిందో దాచకుండా చెప్పింది. తన తప్పు ఎక్కడుందో కూడా చెప్పింది.

ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండునని దమయంతికి అనిపించింది.

"మగోల్లకీ ఏసినారు కదా" అంది పైడమ్మ. "ఆలకేటి అవదా?"

"వాళ్లకేం కాదు."

"అదే అనుకున్నాను" అంది పైడమ్మ. నవ్వలేదు.

దాలమ్మ లేచి వరాలు ముందుకొచ్చి నిలబడింది. "నీ మాట నమ్మి నాను సెయ్యి సాపినాను. మా అత్త నన్ను గొడ్రాలు అంతంటే నువ్వు నా పక్కన కూకుని ఓదార్సినావు. నీకెప్పుడు తెలిసినాదే?"

"అనుమానం ముందే వొచ్చినాది, నిజం నీ తోటే తెలిసినాది దాలమ్మా. నా మాట మీద ఏసుకున్నావు, నన్ను తిట్టు." వరాలు తల దించుకోలేదు.

"ఇది కరిగిస్తే జ్వరానికి మళ్లీ అడ్డు ఉండదు" అంది దమయంతి. "ఆ సంగతి బాగా ఆలోచించుకోండి. ఎవరినీ తొందరపెట్టను."

పిల్లలున్న ఆడవాళ్లు చాలామంది లేచి వెళ్లిపోయారు. ఉన్న పిల్లల్ని ఎవరు చూస్తారని వాళ్ల భయం. దాలమ్మ ఆలోచిస్తానంది. వరాలు అప్పటికే జాకెట్టు చెయ్యి పైకి జరుపుకుంది. ఎంజైము ఎక్కిన కాసేపటికే జబ్బ ఎర్రగా వాచి, రెండు రోజులు ఒళ్లు కాగిపోయింది. తరవాత బుడిపె లేదు.

చలికాలం వెళ్లేలోపే వరాలు నెల తప్పింది. ఈసారి నిలిచింది. స్కానింగులో మాయ చక్కగా పరుచుకుని కనిపించినప్పుడు డాక్టరమ్మ తెర తిప్పి దమయంతికి చూపించింది. దమయంతి అది చూసి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఊళ్లో ఆడవాళ్లు ఏదో వంకన వచ్చి వరాలు కడుపు మీద చెయ్యి వేసి చూసి వెళ్లేవాళ్లు. దాలమ్మ కూడా వచ్చింది. మరుసటి వారమే తనూ కరిగించుకుంది.

వానలు ముందే పడ్డాయి. వరాలు భర్త తవుడు పడవ మీద వేటకు వెళ్లడం మానేసి గబ్బిలాలు రాకుండా ఇంటి చుట్టూ వలలు కట్టాడు. కల్లు ముట్టలేదు, బయటి మనుషుల్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. నీళ్లు కాచి ఇచ్చాడు. వరాలు ఆ వలల లోపల, గది దాటకుండా, సగ్గుబియ్యం జావ తాగుతూ ఆ నెలలన్నీ గడిపింది. ఏడో నెల నిండిన వారానికి, పొద్దున్నే, దమయంతికి ఫోను వచ్చింది.

"వొదినా" అన్నాడు తవుడు. "వరాలు తూల్తంది."

ఆమె జిల్లా కేంద్రంలోని ఆసుపత్రికి చేరేసరికి వరాలుకి మాట ముద్దగా వస్తోంది. అక్కను గుర్తుపట్టింది. దమయంతి చేతిలోని సూదిని కూడా గుర్తుపట్టింది.

"గడియ ఎయ్యొద్దు అప్పా" అంది, ఒక్కో మాటా కూడదీసుకుని. "గుంట ఎలిపోద్ది."

డాక్టర్లు చెప్పింది ఒకటే. జ్వరం ఇంత తీవ్రంగా ఉండగా కోత పెడితే తల్లి బల్ల మీదే పోతుంది. గడియ మందు వేస్తే తల్లి తేరుకోవచ్చు. మాయ రోజూ తనను తాను కొత్తగా అల్లుకుంటూ ఉండాలి, మందు పడిన క్షణం నుంచి ఆ అల్లిక ఆగిపోతుంది. బిడ్డకు దక్కేది ఒకటో రెండో రోజులు. తవుడు గోడకు ఆనుకుని నిలబడి దమయంతి వైపే చూస్తున్నాడు. "నాకేటి తెల్దు వొదినా. దాన్ని బతికించు" అన్నాడు.

వరాలు చెయ్యి లాక్కోబోయింది. ఆ చేతిలో బలం లేదు. దమయంతి దాన్ని గట్టిగా పట్టుకుని సూది గుచ్చింది.

మర్నాటికి జ్వరం కొంచెం దిగింది. సాయంత్రానికి బిడ్డ గుండె నెమ్మదించింది. అప్పుడిక ఆగకుండా కోశారు. అరచేతిలో పట్టేంత ఆడపిల్ల. గాజుపెట్టెలో, గొట్టాల మధ్య, నెలలు గడిపి బతికింది. బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. వరాలు కూడా బతికింది. నడక పూర్తిగా చక్కబడలేదు, ఎడమకాలు ఇప్పటికీ కొద్దిగా లాగుతుంది. ఆమె ఒంట్లో జెల్ మళ్లీ గట్టిపడింది. ఎంజైమును ఆమె రక్తం ఒకసారి చూసింది కాబట్టి రెండోసారి ఇస్తే ప్రాణం మీదికొస్తుందని పాత్రో చెప్పాడు. ఆమెకు ఇక పిల్లలు లేరు.

కళ్లు తెరిచాక వరాలు అక్కతో అన్నది ఒక్కటే మాట. "నానొద్దన్నా ఏసినావు." తరవాత చాన్నాళ్లు పలకలేదు. దమయంతి ఆసుపత్రికి వచ్చినప్పుడు ముఖం గోడ వైపు తిప్పుకునేది. పాపకు నూకరత్నం అని పేరు పెట్టిన సంగతి దమయంతికి తవుడే ఫోనులో చెప్పాడు.

దమయంతి ల్యాబు వదల్లేదు. మాయను వదిలేసి వైరస్‌ను మాత్రమే ఆపే పెప్టైడు కోసం పాత్రోతో కలిసి ప్రయత్నిస్తూనే ఉంది. సన్నగా మలిచిన ప్రతి పెప్టైడునూ వైరస్ ఏదో ఒక వేషంలో దాటేస్తోంది. అన్నిటినీ ఆపగలిగేది పాత గడియ ఒక్కటే.

మళ్లీ మబ్బులు పట్టే రోజుల్లో వరాలు నుంచి ఫోను వచ్చింది. "పక్క మండలంలో జొరం మొదలైపోనాది. దాలమ్మకి రేపో మాపో కానుపు. నువ్వు బేగి రా. మందు కూడా తే."

"ఎవరికి?"

"నువ్వు రా ముందు."

దమయంతి వెళ్లేసరికి వరాలు వలల లోపల, గుమ్మానికి దగ్గరగా చాప మీద కూర్చుని ఉంది. ఒళ్లో పాప. ఏడాది కూడా నిండలేదు, కళ్లు మాత్రం పెద్దవి. పిన్నో పెద్దమ్మో తెలియని ఈ మనిషి వైపు కన్నార్పకుండా చూస్తోంది. దమయంతి ఆ పిల్లను అప్పటిదాకా ఎత్తుకోలేదు. ఎత్తుకోమని వరాలు అననూ లేదు.

"దీనికి ఎయ్యి" అంది వరాలు.

దమయంతి చేతిలోని పెట్టె అలాగే ఉండిపోయింది. "వరాలూ, ఒకమాట విను. పసిపిల్లల ఒంట్లో ఇది ఒకచోట నిలవదు. ఎదిగే కండతోపాటు సాగుతుంది. పెద్దయ్యాక కరిగించగలమో లేదో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. ఇంకొన్నాళ్లు ఆగితే నేను చేస్తున్న కొత్తది..."

"కొత్తది ఈ వానలకి వొస్తాదా?"

దమయంతి అబద్ధం చెప్పలేకపోయింది. "రాదు."

బయట మొదటి చినుకులు వలల మీద పడుతున్నాయి. దూరంగా తాటితోపు మీద ఆకాశం నల్లగా దిగింది. వరాలు ఆ వైపు చూసింది. పాప గౌను పైకి జరిపి, సన్నటి తొడను రెండు చేతులతో కదలకుండా పట్టుకుంది.

"నాను సిమ్మాద్రి తూల్తంటే నవ్వినాను" అంది. "మల్లీ నవ్వను. ముందు బతకనీ. మిగతాది పెద్దయ్యాక అడుగుద్ది. నన్నడగదు అప్పా, నిన్నే అడుగుద్ది. అందాకా నువ్వు సావకు."

దమయంతి చాప మీద మోకాళ్లూని కూర్చుంది. చేతులు కడుక్కుని తడి తుడుచుకుంది. సూదిలో మందు నీళ్లలా తేటగా ఉంది. గుచ్చేసరికి పాప ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, తరవాత గుక్కపెట్టి ఏడ్చింది. వరాలు దాని ముఖాన్ని రొమ్ముకి హత్తుకుంది.

దమయంతి సూది తీసి ఆ చోటును బొటనవేలితో మెల్లగా తడిమి చూసింది. అప్పటికే గట్టిపడింది.